ఐలన్న సలేశ్వరం దారి

మా బీరంగూడలో చైత్రమాసం వచ్చిందని తెలియడానికి క్యాలెండర్ చూడనక్కర్లేదు. ఐలన్న ఇంటి గోడకు వెదురు కట్టెలు వరుసగా ఆనించి ఉన్నాయంటే వచ్చినట్టే. పటాన్‌చెరులో వాల్వులు చేసే ఒక కంపెనీలో ఆయన ఫిట్టర్. సెలవు దొరికిన రోజు అరుగు మీద కూర్చుని, స్క్రాప్ పైపు ముక్కలు కోసి, ఒక్కో కట్టె చివర అరగకుండా ఒక్కో ఇనుప పొన్ను తొడిగి బిగించేవాడు. చేతులతోపాటు నోరూ నడిచేది. ఎండలు ముదిరే ముందు గుట్టల దారి ఎలా ఉంటుందో, ఎలా నడవాలో దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చెప్పేవాడు. కూరగాయలకు పోతున్నా వదిలేవాడు కాదు.

"ఇప్పుడు అడవిల ఆకంత రాల్తది సూడు," అని మొదలుపెట్టేవాడు. "రాయి మీద ఎండుటాకు పరిచినట్టుంటది. దాని మీద కాలు పెట్టినవా, సర్రున పోతవ్. ముందుగాల కట్టెతోని ఆకు జరపాలె, రాయి కదుల్తుందా సూడాలె, గప్పుడు కాలు. చెట్టుకు ఆకు లేకుంటే నీడ యాడికెళ్ళి వస్తది? గందుకే పొద్దు ఎక్కకముందే నడవాలె. నీళ్ళు గటగట తాగొద్దు, గుక్క గుక్క తాగాలె. సంచిల ఉల్లిగడ్డ, సల్లల ఉప్పు. పగటాలకు ఎండ కొడ్తది, మాపటాలకు గాలిదుమారం లేస్తది, రాళ్ళవాన పడ్డా పడ్తది. రెండిట్ల దేన్నీ నమ్మొద్దు."

ఇదంతా సలేశ్వరం కోసం. నల్లమల అడవి నడుమ ఒక లోతైన లోయ, అందులోకి దూకే నీటిధార, ఆ పక్కన గుహలో లింగమయ్య. చైత్ర పున్నమికి నాలుగైదు రోజులు జాతర. బండి కొంతదూరమే పోతుంది, ఆ తర్వాత నడకే. కంపెనీ వాళ్ళను పోగుచేసి, డీసీఎం వ్యాను మాట్లాడి ఏటా తీసుకెళ్ళేది ఐలన్నే. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి పల్లె నుంచి కూలి చేసుకుంటూ వచ్చి ఫిట్టర్ అయిన మనిషి. కంపెనీలో ఆయన మాట సూపర్‌వైజర్ కూడా వినేవాడు కాదు గానీ, చైత్రంలో మాత్రం మేనేజర్ దాకా అందరూ వినేవాళ్ళు.

ఆయన చెప్పే వాటిలో మా వాడకట్టు పిల్లలకు బాగా నచ్చింది గొలుసు. "సగం దిగినంక ఒక మలుపు వస్తది. ఇటు గోడ, అటు ఏం లేదు. ఆడ రాతికి గొలుసు కొట్టి పెట్టిండ్రు. దాన్ని పట్టుకొని, మొకం గోడకు పెట్టి, పక్కకు పక్కకు నడవాలె." ఏటేటా ఆ గొలుసు పొడుగవుతూ వచ్చింది. మొదట్లో మూరెడు ఉన్నది, నా చిన్న కొడుకు బడిలో చేరేనాటికి మలుపంతా చుట్టింది.

అసలు సంగతి నాకు తెలుసు. ఐలన్న ఒక్కసారి కూడా ఆ లోయలోకి దిగలేదు.

మా ఆయన పెంటయ్య అదే కంపెనీ, అదే బ్యాచ్. పెళ్ళయిన ఏడే నాకు చెప్పి, ఎవరికీ చెప్పొద్దని బిడ్డల మీద ఒట్టు వేయించుకున్నాడు. అప్పటికి బిడ్డలే లేరు, ఒట్టు మాత్రం ఉంది. మొదటి ఏడు, అంటే ఎనభై మూడులో, అందరితో కలిసి లోయ అంచు దాకా నడిచాడట ఐలన్న. కిందికి చూశాడట. అక్కడే ఒక బండ మీద కూర్చుండిపోయాడట. "సామాను కాడ ఒకలుండాలె గద, మీరు పోయిరాండ్రి," అన్నాడట. అంతే, అప్పటినుంచి ఆ బండ ఆయనది. ఏటా అందరి సంచులూ, దిగేటప్పుడు జారతాయని విడిచిన చెప్పులూ చుట్టూ పెట్టుకుని ఇప్పచెట్టు కింద కూర్చుంటాడు. ఎక్కివచ్చిన వాళ్ళు రొప్పుతూ ఆయన పక్కనే కూలబడి, ఎక్కడ జారిందీ ఎక్కడ వేరు పట్టుకున్నదీ చెబుతారు. అలా విని విని రాయి రాయీ నేర్చాడు. లింగమయ్య తీర్థమని ఇంటికి తెచ్చే సీసా నీళ్ళు మా ఆయన పట్టి తెచ్చినవే.

ఆ దారిలో ఒక ఆనవాయితీ ఉంది. దిగేవాళ్ళు "వస్తున్నం లింగమయ్యా" అని కేక పెడతారు, ఎక్కేవాళ్ళు "పోయొస్తం లింగమయ్యా" అంటారు. లోయంతా అదే మోత. ఐలన్న వచ్చేవాడూ కాదు, పోయేవాడూ కాదు కదా. అంత వాగుడు మనిషి, ఆ బండ మీద మాత్రం నోరు మెదపడని మా ఆయన చెప్పాడు. ఆ ఒక్క మాటకే నాకు ఐలన్న మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంచుకున్నాను, ఎందుకంటే రాజవ్వ వదిన అమాయకంగా ఆయన కథలన్నీ నమ్మేది.

రాజవ్వ ఐలన్న భార్య. జోగిపేట వైపు పిల్ల, చిన్నప్పుడు మేకల వెంట గుట్టలెక్కి తిరిగిన కాళ్ళు. మా గల్లీలో కిరాయికుండే బీహారు, యూపీ కుర్రాళ్ళకు రొట్టెలు చేసి అమ్మేది. వాళ్ళ హిందీ, మన ఉర్దూ కలిపి ఆమె మాట్లాడే భాష ఆమెకూ వాళ్ళకూ తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. వాళ్ళింట్లో టీవీ బొమ్మ చెదిరితే మిద్దె మీదికెక్కి యాంటెన్నా తిప్పేది కూడా ఆమెనే. ఐలన్న కింద వాకిట్లో నిలబడి, "కుడికి! ఇంక జెర! ఆఁ, గట్లనే ఉండనీ!" అని కేకలు పెట్టేవాడు. మొగోడివి నువ్వెక్కరాదా అని నేను అడిగితే, "కింద నిలబడి సూసేటోడు ఒకడుండాలె గద నాగేశ్వరీ," అనేవాడు. ఎక్కడైనా ఆయనది అదే సాకు.

తొంభై ఎనిమిదిలో వాళ్ళ బిడ్డ కౌసల్యకు సంగారెడ్డి ఆస్పత్రిలో కాన్పు కష్టమైంది. తల్లీ పిల్లా దక్కుతారో లేదో అన్నంత పని అయింది. వరండాలో కూర్చున్న రాజవ్వ మొక్కుకుంది. తెల్లవారేసరికి ఇద్దరూ బాగున్నారు. ఆడపిల్ల, గొంతు అచ్చం ఐలన్నదే. ఇంటికి వచ్చిన మర్నాడు రాజవ్వ నల్లా దగ్గర బిందె పెట్టి, అందరి ముందూ చెప్పింది.

"లింగమయ్యకు మొక్కిన. నేను, మా ఆయన జంటగ వచ్చి నీ నీళ్ళ కింద నిలబడ్తమని. ఈ చైత్రంలనే పోతున్నం."

అరుగు మీద పొన్ను బిగిస్తున్న ఐలన్న సుత్తితో తన బొటనవేలే కొట్టుకున్నాడు.

ఆ నెలంతా ఆయన పడ్డ పరేషాన్ చూడాలి. ముందు భార్యను భయపెట్టబోయాడు. ఎలుగుబంట్లన్నాడు, కొండతేనె ఈగలన్నాడు. "నిన్ను ఇన్నేండ్లు ఏమనని ఎలుగు నన్నేమంటది?" అంది రాజవ్వ. గొలుసు సంగతి మరింత గట్టిగా చెప్పాడు. "గొలుసుంటే మంచిదే గద, పట్టుకుంట," అంది. వచ్చే ఏడు పోదామన్నాడు. "మొక్కు వాయిదా ఏస్తే ఎవరి మీద పడ్తది? ఉయ్యాలల ఉన్న పిల్ల మీద," అంది. ఆ మాటతో వాయిదా ఊసు మానేశాడు. మనవరాలంటే ఆయనకు ప్రాణం.

ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, గడప మీద కూర్చున్నాడు. నాకూ తెలుసని ఆయనకు తెలుసు, అందుకే దాచలేదు.

"ఉన్నది చెప్పెయ్ అన్నా," అన్నాడు మా ఆయన.

"ఎట్ల చెప్పాలె రా? మొదటి ఏడు నేను ఇంటికొస్తే వాకిట్ల చెంబు నీళ్ళు తెచ్చి నా కాళ్ళు కడిగింది రా. లింగమయ్యను సూసొచ్చిన కాళ్ళని పసుపు రాసింది. గప్పుడే చెప్పాలె. చెప్పలే. ఏటేటా కడుగుతనే ఉన్నది. ఇప్పుడేమని చెప్పాలె?"

ఎన్నాళ్ళనుంచో దాచుకున్న నా మిగతా సగం కోపం ఆ గడప దగ్గరే పోయింది. మనిషి తల ఎత్తలేదు. నేను చాయ్ పెట్టి ఇచ్చాను, అంతకన్నా చేయగలిగింది ఏమీ లేదు.

పున్నమి వచ్చింది. ఈసారి ఆడవాళ్ళం కూడా బయల్దేరాం. డీసీఎం దగ్గరికి ఐలన్న వచ్చిన తీరు చూసి మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు. కాళ్ళకు కంపెనీ వాళ్ళిచ్చే సేఫ్టీ బూట్లు! ముందు ఇనుప మూతి, కింద ఇటుకంత అట్ట. మొదటి రోజుల్లో బ్యాచ్‌లో ఎవరో వాటితో వస్తే, దిగేటప్పుడు వేళ్ళన్నీ ఆ ఇనుముకు కొట్టుకుని గోళ్ళు నల్లబడ్డాయి. "గుట్టకు ఈ బూట్లేసుకొస్తే డీసీఎం ఎక్కనియ్య," అని ఏటా చెప్పేది ఐలన్నే. ఇప్పుడాయనే వేసుకొచ్చాడు. ఎందుకో నాకు అర్థమైంది. లోయ అంచున "ఈ బూట్లతోని దిగరాదు" అని కూర్చుండిపోవడానికి.

తెల్లవారుతుండగా బండి దిగి నడక మొదలుపెట్టాం. నిజం చెప్పొద్దూ, ఆయన చెప్పినవన్నీ అలాగే ఉన్నాయి. చెట్లు బోసిగా నిలబడ్డాయి, ఆకులన్నీ కింద ఉన్నాయి. నడుస్తుంటే అప్పడాలు నలిగినట్టు చప్పుడు. ఇప్పపూల మత్తు వాసన దారంతా వెంట వచ్చింది. తెల్లవారుజామున చల్లగా ఉన్న రాయి, పొద్దు కాస్త ఎక్కేసరికే వేడెక్కడం మొదలైంది. ఎక్కడో ఒక చోట చెట్టుకు లేత ఎర్రటి చిగురు కనిపిస్తే అందరం దాని కిందికే చేరేవాళ్ళం. ఐలన్న ముందు నడుస్తూ "కట్టెతోని జరపాలె, కట్టెతోని!" అని అరుస్తూనే ఉన్నాడు. నేను వినకుండా ఆకుల మీద కాలేసి జారి కూర్చున్నాను. ఆయన వెనక్కి చూసి ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

లోయ అంచుకు చేరేసరికి కేకలు వినిపించాయి. "వస్తున్నం లింగమయ్యా" అని కిందికి కొందరు, "పోయొస్తం లింగమయ్యా" అని పైకి కొందరు. ఐలన్న ఆగిపోయాడు. ఇప్పచెట్టు కింద తన బండ మీద కూర్చున్నాడు.

"రాజవ్వా, ఈ బూట్లతోని దిగరాదే. ఆగంల ఏసుకొచ్చిన. నువ్వు వీళ్ళతోని పోయిరా. సామాను కాడ నేనుంట."

రాజవ్వ తన సంచి దించి, రొట్టెల మూట కింద చెయ్యి పెట్టి, ఆయన పాత కాన్వాస్ బూట్లు తీసి ముందు పెట్టింది. "నువ్వు ఆగంల ఏసుకున్నవని నేను ఇంటికాడనే సూసిన. ఇవి ఏసుకో. మొక్కు ఇద్దరిది."

మా బ్యాచ్ మగవాళ్ళందరూ ఉన్నట్టుండి చెట్లను, ఆకాశాన్ని చూడటం మొదలుపెట్టారు. ఐలన్న ఆ బూట్లను చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టాడు.

"నేను ఎన్నడు దిగలే," అన్నాడు.

"ఏంది?"

"ఎన్నడు దిగలే రాజవ్వా. ఒక్కసారి గూడ. నాకు భయం. కిందికి సూస్తే కాళ్ళు నావి కావు. ఏటేటా ఈ బండ మీదనే కూసున్న."

వదిన ఆయన్ను చూసింది, బండను చూసింది, చుట్టూ ఉన్న చెప్పులను చూసింది. "మరి సీసల నీళ్ళు?"

"పెంటయ్య పట్టుకొస్తడు."

అప్పుడు తిట్టింది రాజవ్వ. ఆయన్ను కాదు, మా ఆయన్ను, మిగతా వాళ్ళను. మేకలు కాసిన గొంతు, దిగేవాళ్ళు కూడా ఆగి విన్నారు. "అందరు కలిసి నన్ను పిచ్చిదాన్ని జేస్తిరి గదరా! ఒక్కడన్న చేయి పట్టుకొని దించితిరా ఈ మనిషిని? చెప్పుల కాడ కూసుండవెడ్తిరా ఇన్నేండ్లు?" అంది. మా ఆయన తల గీక్కున్నాడు. అన్ని ఏళ్ళలో ఐలన్నను దించుదామని ఎవరికీ తోచకపోవడం నిజమే, అది నాకు కూడా తోచలేదు.

తర్వాత ఆమె కింద కూర్చుని, ఆయన ఇనుప బూట్ల దారాలు విప్పింది. "కిందికి సూడకు. నా మడమలు సూడు. నేను ముందట నడుస్త. యాంటెన్నా తిప్పేటప్పుడు ఒర్లుతవు సూడు, గట్ల ఒర్లు. దారి నీకెర్కే గద, నోటితోని నువ్వు నడువు, కాళ్ళతోని నేను నడుస్త."

అలా దిగాం. ముందు రాజవ్వ, ఆమె కొంగు చివర పట్టుకుని ఐలన్న, వెనక నేను, నా వెనక మా ఆయన. ఐలన్న కళ్ళు ఆమె మడమల మీదే. నోరు మాత్రం ఆగలేదు. "ఇప్పుడు ఎడమకు ఒక వేరుంటది, పట్టుకో. దాని కింద రాయి కదుల్తది, దాన్ని తొక్కకు. ఆకు జరుపు, ఆకు జరుపు. ఇగ రెండు మెట్ల లెక్క ఉంటయ్, పక్కకు తిరిగి దిగు." నేను కళ్ళారా చూస్తూనే ఉన్నాను, వేరు ఉంది, రాయి కదిలింది, మెట్ల లెక్కే ఉన్నాయి. చూడని దారిని ఆ మనిషి ఇంటి వాకిలి లెక్క చెప్పుకుంటూ పోయాడు. 

సగం దిగాక మలుపు వచ్చింది. ఇటు గోడ, అటు ఏమీ లేదు. దారి ఒక మనిషికి సరిపోయేంత ఉంది, అంతే.

"ఈడ గొలుసుంటది," అన్నాడు ఐలన్న ధైర్యంగా. కొంగు వదిలి, కుడిచేత్తో గోడ తడిమాడు. పైన తడిమాడు, కింద తడిమాడు. "గొలుసేది?"

గొలుసు లేదు. ఎప్పుడూ లేదు. పిల్లల కోసం ఆయనే కల్పించాడు. చెప్పీ చెప్పీ, ఏది విన్నదో ఏది తాను కట్టిందో ఆయనకే తెలియకుండా పోయింది. మొదట నాకు నవ్వు వచ్చింది. అప్పుడాయన మొహం చూశాక నవ్వడం మానేశాను. గోడకు అతుక్కుపోయాడు. చెమట ధారగా కారుతోంది. వెనక నుంచి జనం "నడువుండ్రి, నడువుండ్రి" అంటున్నారు. ముందుకు పోడు, వెనక్కి రాలేడు. మొక్కు ఇక్కడితో సరి అనుకున్నాను.

రాజవ్వ వెనక్కి తిరిగింది. ఆయన తడుముతున్న ఖాళీ గోడను ఒక క్షణం చూసింది. ఏం అర్థం చేసుకుందో ఏమో, గొలుసు గురించి ఒక్క మాట అడగలేదు.

"నీ కట్టె ఇటియ్యి," అంది. పొన్ను ఉన్న చివర తను పట్టుకుని, రెండో చివర ఆయన చేతిలో పెట్టింది. "ఇదే పట్టుకో. గట్టిగ పట్టుకో. నేను ఇడువ."

ఆయన పట్టుకున్నాడు. మొహం గోడకు పెట్టి, పక్కకు పక్కకు, ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు చెప్పినట్టే నడిచాడు. మలుపు దాటాక దారి వెడల్పయింది. రాజవ్వ కట్టె వదల్లేదు, ఆయనా వదల్లేదు. అప్పుడు కింద నుంచి నీళ్ళ చప్పుడు వినబడింది, చల్లటి గాలి తగిలింది.

ఐలన్న తల ఎత్తాడు. నోరు తెరిచాడు. మొదట గాలి మాత్రమే వచ్చింది. తర్వాత వచ్చింది కేక.

"వస్తున్నం లింగమయ్యా!"

లోయంతా పలికింది. మా ఆయన నా వెనక వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నాడు, ఎవరూ చూడలేదనుకుని. నేను చూశాను. నా కళ్ళూ ఊరుకోలేదు.

నీళ్ళ కింద ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. అంత ఎండలో ఆ నీళ్ళు నెత్తి మీద పడితే ఒళ్ళు జలదరించింది. ఐలన్న చిన్నపిల్లాడిలా నవ్వాడు. మళ్ళీ తడిసి, మళ్ళీ నవ్వాడు. పూజారి చెంచు పెద్దాయన ఇక చాలు, వెనక వాళ్ళున్నారని అనే దాకా బయటికి రాలేదు. ఎక్కేటప్పుడు "పోయొస్తం" అని కూడా ఆయనే అందరికన్నా గట్టిగా అరిచాడు. ఎక్కడం సులువైంది, వెనక్కి చూడనక్కర్లేదు కదా.

పైకి వచ్చాక తెలిసింది అసలు నష్టం. ఆ ఏడు సామాను దగ్గర ఎవరూ లేరు. కోతులు రొట్టెల మూట విప్పి అంతా తినేశాయి. మా ఆయన చెప్పు ఒకటి ఇప్పచెట్టు కొమ్మకు వేలాడుతోంది. ఐలన్న ఇనుప బూట్లను మాత్రం ఏ కోతీ ముట్టలేదు, అవి కూడా తెలివైనవే. ఎక్కివచ్చిన ముసలామె ఒకతె, చూపు సరిగా ఆనక, ఖాళీ బండ వైపు చూసి, "ఏటా ఈడ ఒకాయన కూసుంటడు, మంచీ చెడూ అరుసుకుంటడు, ఈ ఏడు రాలేదా?" అని అడిగింది. "వచ్చిండు, కిందికి పోయిండు," అంది రాజవ్వ. ఐలన్న ఆ ముసలామెకు తన సీసాలోని మజ్జిగ ఇచ్చాడు. ఆకలితో కడుపులు కాలుతున్నా ఆ రోజు ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు.

ఇంటికి చేరేసరికి కౌసల్య పసిపిల్లను చంకనేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. చెంబు నీళ్ళతో ఇద్దరి కాళ్ళూ కడిగింది. పసుపు రాసేటప్పుడు ఐలన్న ఈసారి కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. అంతకుముందు ఏటేటా తీసుకునేవాడని, తాను అది వినయమనుకునేదాన్నని రాజవ్వ తర్వాత చెప్పింది.

వాడకట్టంతా అరుగు చుట్టూ చేరింది. చెప్పు ఐలన్నా, చెప్పు అని పిల్లలు.  నిజంగా చూసివచ్చిన మనిషికి మాట దొరకలేదు.

"నీళ్ళు మస్తు సల్లగున్నయ్," అన్నాడు. అంతే.

పిల్లల మొహాలు వాడిపోయాయి. అప్పుడు రాజవ్వ కొంగు బిగించి ముందుకు వచ్చింది. వేరు చెప్పింది, కదిలే రాయి చెప్పింది, ఆకులు చెప్పింది, కోతులు చెప్పింది. ఆయన కన్నా బాగా చెప్పింది. చెబుతూ మలుపు దాకా వచ్చింది.

పక్కింటి ముత్యమ్మకు ఎప్పటినుంచో అనుమానం. "అవునొదినె, మరి గొలుసు? నిజంగనే ఉన్నదా?" అని అడిగింది.

ఐలన్న తన అరచేతులకేసి చూసుకుంటున్నాడు. నేను నోరు తెరవబోయాను. రాజవ్వ వెనక నుంచి నా నడుము మీద గట్టిగా గిచ్చింది.

"ఎందుకు లేదు? ఉన్నది," అంది. "లేకుంటే ఈయన ఎట్ల దిగుతుండె?"